పత్తిచేను, పదవ తరగతి

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమకు నడిగడ్డ యని పేరు. గద్వాల, అలంపురము, అయిజ మొదలగు ఊళ్లు ఈ గడ్డలోనివే. శ్రావణము గడచి భాద్రపదము వచ్చునప్పటికి ఇచ్చటి సీడుపత్తి చేలలో మనుష్యుల సందడి హెచ్చును. మధ్యాహ్నము మొదలు ప్రొద్దు గ్రుంకువరకు ఆడమొక్కల సాళ్లలో తిరుగుచు, మరునాడు విచ్చుకొననున్న మొగ్గలను వెదకి, బొటనవ్రేలి గోటితో రేకులను, వానితోపాటు పుప్పొడి తిత్తులను ఒలిచివేసి, అచ్చట నొక గుర్తు ఉంచుదురు. మరునాటి ఉదయము మగమొక్కల పూలు కోసి తెచ్చి, గుర్తున్న ప్రతి మొగ్గకును పుప్పొడి రాయుదురు. ఈ పనికి పల్లెలలో క్రాసింగు అనియే పేరు. మరియొక మాట ఎవరును వెదకలేదు. ఒక్కపూట తప్పినచో ఆ మొగ్గ సంకర విత్తనమునకు పనికిరాదు. ఆగస్టు నుండి నవంబరు వరకు రెండు మూడు నెలలపాటు ఆదివారమనక, పండుగయనక ఇది సాగవలసినదే. జూన్ నెలలో తెరచిన బడి, మొదటి పెద్దపరీక్షలకు సిద్ధమగు కాలమును సరిగా ఇదియే.

ఆ చేలలోని చేతులు ఎవరివి? ఈ ప్రశ్నకు సమాధానము కొత్తది కాదు. పరిశోధకులు దావులూరి వెంకటేశ్వర్లు 1990 దశకపు చివరినుండియు సీడుపత్తి చేలలోని బాలకార్మికులను గూర్చి వరుసగా అధ్యయనములు చేయుచు వచ్చినారు. ఆయన 2015లో వెలువరించిన నివేదిక ప్రకారము, 2014-15లో ఈ పంట పండు ఆరు రాష్ట్రముల కూలీలలో పదునాలుగేండ్ల లోపువారు సుమారు 25 శాతము. పదునాలుగు పదునెనిమిదేండ్ల నడిమివారు మరి 35 శాతము. అనగా నూటికి అరువదిమంది బడియీడువారే. వారిలో ఆడపిల్లలే ఎక్కువ. పిల్లల వ్రేళ్లు సన్నన, మొక్క ఎత్తు వారికి సరిపోవును, మొగ్గ నలుగదు అని చెప్పు వాడుక కలదు. అందు కొంత నిజముండవచ్చును గాని, అసలు కారణము వ్రేళ్ల సన్నదనము కాదు, కూలి సన్నదనము. విత్తన కంపెనీ తానుగా చేనిలోనికి రాదు. ఆర్గనైజరు అను మధ్యవర్తి వచ్చి, రైతునకు పెట్టుబడి అప్పుగా సమకూర్చి, కంపెనీ నిర్ణయించిన ధరకు విత్తనమును కొనిపోవును. ఆ ధరను పెంచుట రైతు చేతిలో లేదు. అతడు తగ్గించుకొనగల ఖర్చు క్రాసింగు కూలి ఒక్కటే. సాగువ్యయములో అధికభాగము దానిదే. పెద్దల కూలితో లెక్క కుదరనప్పుడు ఇంటిపిల్లలు, ఆపైని పొరుగుపిల్లలు చేనిలోనికి వత్తురు. తలిదండ్రుల చేతిలో ముందుగా పడిన బయానా పిల్లను ఆ పంటకాల మంతయు కట్టివేయును.

గడచిన ఇరువదేండ్లలో ప్రభుత్వము, స్వచ్ఛంద సంస్థలు, కొన్ని కంపెనీలు కలుగజేసుకొనుటచే మిక్కిలి చిన్నపిల్లల సంఖ్య తగ్గినమాట వాస్తవమే. అది తక్కువ విజయము కాదు. అయితే ఆ తగ్గుదల నీడన జరిగిన మార్పు నొకదానిని గమనింపవలసియున్నది. పదేండ్ల పిల్ల వదలిపోయిన సాలులో పదునైదేండ్ల అక్క నిలిచినది.

ఇందుకు చట్టమే దారి విడిచినట్లున్నది. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల బాలబాలికలకు చదువును ప్రాథమిక హక్కుగా నొసగినది. దానిని ఆచరణలోనికి తెచ్చిన 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది. అది ఎనిమిదవ తరగతితో ముగియును. బాలకార్మిక నిషేధ చట్టమునకు 2016లో జరిగిన సవరణయు పదునాలుగేండ్లనే గిరిగా గీసినది. ఆ గిరి దాటినవారికి గనులు, మందుగుండు వంటి ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషిద్ధములు. సామాన్యమైన చేనిపని వానిలో చేరదు. కనుక పదునాలుగేండ్లు నిండిన దినమున రెండు చట్టములును పిల్లచేతిని ఒక్కసారిగా వదలివేయును. బడికి రప్పించుటకు అధికారికి హక్కు లేదు. చేనికి పోవద్దనుటకును లేదు. ఆ దినము సరిగా తొమ్మిదవ తరగతి గడపమీద వచ్చుచున్నది. ఉన్నత పాఠశాల యని ఏ దశను పిలుచుచున్నామో, దాని నడిభాగములోనే రక్షణ యంతయు ముగిసిపోవుచున్నది.

తెలంగాణములో 2025 మార్చి, ఏప్రిల్ నెలలలో జరిగిన పదవ తరగతి పరీక్షలలో ఉత్తీర్ణులు 92.78 శాతము. అంతకుముందటి ఏడు 91.31 శాతము. ఫలితములు వెలువడిన దినమున జిల్లాలకు వరుసక్రమము నిచ్చుట, మొదటి జిల్లాను మెచ్చుట, కడపటి జిల్లాను మందలించుట పరిపాటియైనది. కలెక్టరు మొదలు ప్రధానోపాధ్యాయునివరకు ఈ ఒక్క అంకె చుట్టునే తిరుగుదురు. శీతకాలము నుండి ప్రత్యేక తరగతులు, సాయంకాలపు ఉపాహారము, వెనుకబడినవారి జాబితాలు — ఇవన్నియు మెచ్చదగినవే. కాని ఆ శాతము ఎవరిలో? పరీక్షకు కూర్చున్నవారిలో. తొమ్మిదవ తరగతి భాద్రపదమున చేనికి పోయి మరల రానిపిల్ల ఉత్తీర్ణురాలును కాదు, అనుత్తీర్ణురాలును కాదు. ఆమె లెక్కలోనే లేదు. చిత్రమేమనగా, చదువులో వెనుకబడిన పిల్ల బడి మానినకొలది ఆ బడి శాతము పెరుగును. ఏ ఉపాధ్యాయుడును దీనిని కోరి చేయడు; కాని లెక్క ఆ దిశకే ఒరగియున్నది.

ఈ లెక్కలోని మోసమును అమెరికా తన అనుభవమున తెలిసికొన్నది. టెక్సాసు రాష్ట్రమునందలి హ్యూస్టను నగరపు ఉన్నత పాఠశాలలలో చదువు మానువారు మిక్కిలి తక్కువయని ఒకప్పుడు గొప్పగా చెప్పుకొనిరి. ఆ నగరపు విద్యాధికారియే 2001లో దేశమునకంతకును విద్యామంత్రియైనాడు. 2002 జనవరిలో సంతకమైన కొత్త విద్యాచట్టమునకు టెక్సాసు పద్ధతియే ఒరవడియైనది. తరువాత, 2003లో రాష్ట్రము జరిపించిన తనిఖీలో, పదునారు పాఠశాలలనుండి వెడలిపోయినవారిలో సగమునకు మించి చదువు మానినవారుగా వ్రాయవలసినదనియు, అట్లు వ్రాయలేదనియు తేలినది. వేరొక ఊరికి పోయెను, వేరొక బడిలో చేరెను — ఇట్టి మాటలక్రింద పిల్లలు మాయమైనారు. దేశమంతటను ఇట్టి గడబిడ యున్నదని గ్రహించి, 2008లో కేంద్రప్రభుత్వము ఒక్కటే కొలతను విధించినది. తొమ్మిదవ తరగతిలో చేరినవారిని ఒక గుంపుగా తీసికొని, నాలుగేండ్ల తరువాత వారిలో ఎందరు పట్టము పొందిరో చెప్పవలెను. ఊరు మారినవారిని రుజువు చూపియే తీసివేయవలెను. ఈ కొలతతో 2010-11లో తేలినది 79 శాతము. 2021-22 నాటికి 87కు చేరినది. ఈ పెరుగుదల యంతయు నికరమైన చదువే యని చెప్పుటకు వీలులేదు. తప్పిన పాఠమును కంప్యూటరు ముందు కొలది వారములలో ముగించి మార్కులు పొందు ఏర్పాటు అక్కడ విస్తరించినది. కొలత ఎక్కడ పెట్టిన అక్కడికి ఉపాయము చేరుట అమెరికాలోనైనను అయిజలోనైనను ఒక్కటే. ఐనను, పోయినవారు పోయినారని తెలియుటయైనను ఆ కొలతవలన కలిగినది.

అమెరికా ఉన్నత పాఠశాలను స్వర్గముగా భావించువారు తెలుగునాట కొందరు కలరు. ఆ దేశమున స్థిరపడిన తెలుగువారికి అట్టి భ్రమ లేదు. వారు ఇల్లు కొనుటకు ముందు గదులెన్నియని కాక, ఆ వీధి ఏ పాఠశాల పరిధిలోనిదని విచారింతురు. అచ్చటి బడుల ఆదాయములో పెద్దభాగము స్థానికముగా ఇండ్లమీద, భూములమీద వేసిన పన్నునుండి వచ్చును. కనుక ఇండ్ల ధర హెచ్చిన పేటలో బడికి సొమ్ము సులభముగా సమకూడును. టెక్సాసులోని బీదపేటల తలిదండ్రులు దీనిని ప్రశ్నింపగా, 1973లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఒక్క న్యాయమూర్తి ఆధిక్యముతో, విద్య సమాఖ్య రాజ్యాంగమిచ్చు ప్రాథమిక హక్కు కాదని తీర్పు చెప్పినది. ఆ విషయమున భారతదేశమే ముందున్నది — పదునాలుగేండ్లవరకు.

నడిగడ్డకు అమెరికాతో ఇంతకంటె దగ్గర చుట్టరిక మొకటి కలదు. అది పత్తి. మిసిసిపీ నదీతీరపు పత్తిసీమలో నల్లవారి పిల్లల బడులు ఆకురాలు కాలమున మూతపడెడివి. పత్తి తీయుటకు చేతులు కావలెను గనుక ఎండాకాలమున కొన్నివారములు బడి నడిపి, పత్తి పగిలినంతనే విడిచి, తీత ముగిసిన పిమ్మట మరల తెరచెడివారు. తెల్లవారి బడులు మాత్రము యథావిధిగా నడిచెడివి. ఇది పాతకాలపు బానిసత్వమునాటి ముచ్చట కాదు. 1960 దశకమువరకు సాగినది. ఆ పిల్లలను చేనినుండి విడిపించుటలో చట్టముతో సమానముగా పత్తితీయు యంత్రమునకును పాలుగలదు. వ్యవసాయమును వదలిపెట్టి వ్రాసిన కార్మికచట్టము ఆ దేశమునను కలదు: 1938 నాటి చట్టము నేటికిని పండ్రెండేండ్ల పిల్లను, తలిదండ్రుల అనుమతితో, బడివేళ కానప్పుడు చేనిలో కూలి చేయనిచ్చును.

క్రాసింగునకు ఇంకను యంత్రము రాలేదు. మిసిసిపీకిని నడిగడ్డకును భేదము చెప్పవలసినచో, అచ్చట బడియే తలుపు మూసెడిది. ఇచ్చట బడి తెరచియే యుండును, హాజరుపట్టీలో పేరు నిలిచియే యుండును, పిల్ల మాత్రము ఉండదు. పంటకాలమునకు తగినట్లు సెలవులు మార్చినచో సరిపోవునుగదా యని సూచించువారున్నారు. అమెరికా ఈశాన్యమున మెయిన్ రాష్ట్రములో బంగాళాదుంపలు త్రవ్వుకాలమున బడులకు మూడువారముల సెలవిచ్చు ఆచారము తరతరములు నడచినది. కాని అది మూడువారములు, ఇది మూడునెలలు. అచ్చట పని తీరగనే పిల్ల బడికి తిరిగివచ్చునను నమ్మకముండెను. ఇచ్చట సెలవులను చేనికి సర్దినచో, చేనిని బడి ఒప్పుకొన్నట్లే యగును. ఒకసారి ఒప్పుకొన్న తరువాత పిల్ల ఎవరిదో నిర్ణయమైపోవును.

ఇంతవరకు చెప్పినది విని, ఈ సీమకు విద్యాసంప్రదాయమే లేదనుకొనుట పొరపాటు. సంస్థానముల కాలమున గద్వాలకు విద్వద్గద్వాల యని పేరు. దూరదేశముల పండితులు అచ్చటి కోటలో సత్కారములు పొందిరి. వనపర్తి, జటప్రోలు ప్రభువులును కవులను పోషించిరి. నిజాము రాష్ట్రమున బోధనాభాష ఉర్దూ కాగా తెలుగుపిల్లకు తనభాషలో బడి దొరకుటయే దుర్లభమైన దినములలో, నడిగడ్డలో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించినారు. తెలంగాణములో కవులు లేరన్న మాటకు బదులుగా 1934లో 354 మంది కవులతో సంచికను వెలువరించినారు. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనారు. అట్టి గడ్డలో 2011 జనాభా లెక్కల ప్రకారము అక్షరాస్యులు 49.87 శాతము. 2016 అక్టోబరు 11వ తేదీన పాలమూరు జిల్లానుండి విడదీసి జోగులాంబ గద్వాల జిల్లాను ఏర్పరచినప్పుడు, కొత్తజిల్లాలన్నిటిలో కడపటిస్థానము దానిదే. విద్వాంసుని కోటలోనికి పిలిచి శాలువ కప్పిన సీమ, కోటగోడకు వెలుపలనున్న పిల్లకు పలక ఇయ్యలేదు. రెండింటికి నడుమ వైరుధ్యము కనబడును గాని, నిజమునకు అది ఒకే అలవాటు: పైమెట్టును అలంకరించుట.

ఆ అలవాటు నేటికిని పోలేదు. వనపర్తి రాజభవనములో 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. ఒక రాజు నివాసము పనిపాటల విద్యకు నెలవగుట ఆ కాలపు ఆశలకు చక్కని గుర్తు. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యాసంఘము, ఉన్నత పాఠశాల పరీక్షల కొట్టము కారాదనియు, వ్యవసాయము మొదలగు వృత్తులు చేర్చిన బహుళార్థసాధక పాఠశాలలు కావలెననియు సిఫారసు చేసినది. ఆ సంఘములో అట్లాంటానుండి వచ్చిన అమెరికను సభ్యు డొకడును కలడు. అన్నివిధముల పిల్లలను ఒక్క కప్పుక్రింద చదివించు అమెరికా ఉన్నత పాఠశాలయే ఈ ఊహకు ఒక ఆధారము. ఆ పాఠశాలలు కొన్ని వెలసినవి; పలుచోట్ల పేరు నిలిచినది, అర్థములు మాత్రము తగ్గి తగ్గి ఒక్క పరీక్షార్థమునకు వచ్చినవి. పత్తివిత్తనపు శాస్త్రము చేనిలో తన చేతులతో నేర్చిన పిల్లకు, అదే శాస్త్రము పాఠ్యపుస్తకములో పరాగసంపర్కమను పేర ఎదురగును. ఈ రెండును ఒకటేయని ఆమెకు చెప్పువారుండిరో లేదో!

పైమెట్లకు మాత్రము లోటులేదు. వనపర్తికిని నాగర్‌కర్నూలునకును 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. ఇది సంతోషింపదగినదే. కాని తొమ్మిదవ తరగతి మెట్టు విరిగిన నిచ్చెనకు చివర ఎంత అందమైన మెట్టు తగిలించినను అది ఎక్కువారు వేరొకచోటినుండియే రావలెను. బడుల బాగునకై 2022 మార్చి 8వ తేదీన వనపర్తిలోని జిల్లాపరిషత్తు బాలుర ఉన్నత పాఠశాలయందే నాటి ముఖ్యమంత్రి ఒక పెద్ద పథకమును ఆరంభించినారు. 26,000కు పైగా బడులకు 7,289 కోట్ల రూపాయలని ప్రకటన. ఆ ఏటనే సర్కారుబడులలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టిరి. ఒకప్రక్క తెలుగు, మరొకప్రక్క ఇంగ్లీషు ముద్రించిన పుస్తకములు వచ్చినవి. గోడలకు రంగులు, పుస్తకములకు రెండు భాషలు కూడినవి గాని, చెప్పువారి సంగతి వేరు. 2017 నాటి ప్రకటన తరువాత 2024వరకు సర్కారుబడులలో మరియొక విడత ఉపాధ్యాయుల నియామకము జరుగలేదు. ఆ ఏడేండ్లలో ఆరవ తరగతిలో చేరినపిల్ల పదవ తరగతి దాటిపోయినది. గణితమునకో ఆంగ్లమునకో గురువు లేని ఏడాది పెద్దింటిపిల్లకు ట్యూషనుతో పూడును. కూలియింటిపిల్లకు అది పూడదు. ఆమెకు తొమ్మిదవ తరగతి పాఠము తెలియదు. తెలియని పాఠముముందు దినమంతయు కూర్చుండుటకంటె తెలిసిన చేనిపని గౌరవముగా తోచుటలో ఆశ్చర్యము లేదు. బడి మానుటకు బీదరికమునే కారణముగా చెప్పుట వాడుక. ఇట్టి అవమానమునకును అందు పాలుగలదని ఎవరును లెక్కవేయరు.

నాగర్‌కర్నూలు కథ వేరు. కృష్ణానీరు ఎత్తిపోతలద్వారా చేలకు చేరకపూర్వము పాలమూరు కూలీల పేరు బొంబాయి మొదలు దేశమునందలి ఆనకట్టలన్నిటికిని తెలిసినదే. తలిదండ్రులు వలసపోవునప్పుడు పిల్ల వెంట పోయినచో బడి పోవును, ముసలివారికడ నిలిచినచో ఇంటిపని మీదపడును. నీరు వచ్చినతరువాత వలస చాలవరకు తగ్గినది. దక్షిణమున నల్లమలలోనికి పోయినచో చెంచుల పెంటలున్నవి. అమ్రాబాదు పులుల అభయారణ్యపు లోపలి పెంటలలోని పిల్ల ఉన్నత పాఠశాల చదువవలెనన్న అడవిని, ఇంటిని, తేనెపట్టును విడిచి ఆశ్రమ పాఠశాలకు పోవలెను. ఇల్లు విడువలేక తిరిగివచ్చినపిల్లను చదువునందు ఆసక్తి లేనిదిగా వ్రాయుదురు. నడిగడ్డ పిల్లను చేను లాగుచున్నది. ఈ పిల్లను బడియే నెట్టుచున్నది. రెండింటికిని హాజరుపట్టీలో ఒక్కటే గుర్తు.

సర్కారు చూపు మార్గము వసతిబడి. 2004లో ఆరంభమైన కస్తూరిబా బాలికా విద్యాలయములు, అంతకుమున్నున్న గురుకులములు ఈ మూడుజిల్లాల ఆడపిల్లలకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. బడిలోనే ఉండి, బడిలోనే తిని, బడిలోనే నిదురించు పిల్లను బయానా తాకజాలదు. ఐనను గురుకులమునకు అయిదవ తరగతి ప్రవేశపరీక్ష కలదు. చురుకైనపిల్లలు అటు పోగా, సీటు రానివారు ఊరిబడిలో మిగులుదురు. చేనికి ముందుగా పోవుచున్నది ఆ మిగిలినవారే. వారికొరకు పొరుగూరి జిల్లాపరిషత్తు పాఠశాల తప్ప వేరొకటి లేదు. 2023 డిసెంబరునుండి ఆడవారికి బస్సుప్రయాణము ఉచితమైనది. బస్సు బడివేళకు వచ్చు ఊరిలో అది పెద్దవరమే. బడివేళకు రానిచోట ఉచితము ఎవరికి?

ఇప్పుడు చేయదగినది మిక్కిలి పెద్దపని కాదు. పదునెనిమిదేండ్లవరకు చదువును అందరికిని అందింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము పలుకుచున్నది. చట్టము మాత్రము పదునాలుగుకడనే నిలిచినది. దానిని మార్చుట ఢిల్లీ పని, కాలము పట్టవచ్చును. లెక్క మార్చుటకు ఢిల్లీ అనుమతి అక్కరలేదు. 2022-23నుండి ప్రతివిద్యార్థిని పేరుపేరున నమోదుచేయు ఏర్పాటు దేశమంతటను వచ్చినది. కనుక ఫలానా ఏట ఆరవ తరగతిలో చేరిన బాలికలెందరు, తొమ్మిదికి వచ్చినవా రెందరు, పదిలో ఉత్తీర్ణులైనవా రెందరు అని ప్రతి ఉన్నత పాఠశాల గోడమీద వ్రాయుటకు కావలసిన సమాచారము కార్యాలయములలోనే ఉన్నది. ఆ పట్టికతో జిల్లాలకు వరుసక్రమము ఇచ్చినచో మొదటివారెవరో, కడపటివారెవరో తారుమారు కావచ్చును. బహుశః ఆ భయముచేతనే అది వ్రాయబడుట లేదు.

నవంబరులో క్రాసింగు ముగియును. పదవ తరగతి పరీక్షరుసుము గడువును సాధారణముగా ఆ నెలలోనే వచ్చును. అన్ని విషయములకు కలిపి 125 రూపాయలు. మూడునెలలు చేనిలోనున్న పిల్లలలో కొందరు చేతులు కడుగుకొని తరగతికి వత్తురు. వెనుకటి బల్లలో కూర్చుందురు. రానివారి ఇండ్లకు ఉపాధ్యాయులు ఒకటి రెండుసార్లు కబురుచేయుదురు, ఓపికగలవారు తామే పోయి పిలుతురు. తరువాత గడువు దాటును. ప్రధానోపాధ్యాయుడు పేర్ల జాబితాను పైకి పంపును. ఉత్తీర్ణతాశాతపు లెక్క ఆ జాబితానుండి మొదలగును.